వదిలిన చేప మర్నాడు తేలుతోందా? ముందు హుక్కు చూడండి

వానలు మొదలయ్యాయంటే చాలు, నా ఫోనుకి ఒకే రకం మెసేజీలు. "అన్నా, కొర్రమీను పడింది, అరకిలో కూడా లేదు, వదిలేశా. తోక కొట్టుకుంటూ బాగానే పోయింది. పొద్దున చూస్తే గట్టు పక్కన తేలి ఉంది. ఏం తప్పు చేశాను?"

తోక కొట్టుకుంటూ పోయినంత మాత్రాన బతికినట్టు లెక్క వేయకూడదు. లోపల గాయమైన చేప కొన్ని గంటలకో, రెండు మూడు రోజులకో చస్తుంది. అప్పటికి మనం ఇంట్లో ఉంటాం. అందుకే తప్పు మన చేతిలోనే ఉందని చాలామందికి ఏళ్ల తరబడి తెలియదు. నాకూ తెలియలేదు.

నేను జవాబు చెప్పే ముందు రెండు ప్రశ్నలు అడుగుతాను. హుక్కు ముల్లు నొక్కారా? ప్లయర్ ఎక్కడుంది? మొదటిదానికి "ఏ ముల్లు?" అంటారు. రెండోదానికి "బండి డిక్కీలో" అంటారు. ఇవి విన్నాక ఇక నేను వేరే కారణాలు వెతకను.

హుక్కు పెదవికే పట్టింది, కానీ తీసేసరికి నోరు చిరుగుతోంది

మొనకి కాస్త కింద వెనక్కి తిరిగిన చిన్న ముల్లు ఉంటుంది కదా, దాని పనే ఇది. లోపలికి తేలిగ్గా దిగుతుంది, బయటికి వచ్చేటప్పుడు కండ పట్టుకుని వస్తుంది. ఇంట్లోనే ప్లయర్‌తో ఆ ముల్లుని మొనకి ఆనేలా నొక్కేయండి. సరిగ్గా నొక్కారో లేదో తెలియాలంటే పాత బనియన్ గుడ్డలో హుక్కు గుచ్చి వెనక్కి లాగండి. దారప్పోగు పట్టుకోకుండా వచ్చేస్తే సరే. పట్టుకుంటే ఇంకోసారి నొక్కండి. ఇంకో లాభం కూడా ఉంది. ఏదో ఒకరోజు అది మీ వేలికే గుచ్చుకుంటుంది, ఆ రోజు ఆసుపత్రికి పోకుండా గుచ్చుకున్న దారినే తీసేయవచ్చు.

"ముల్లు నొక్కితే చేప జారిపోతుంది" అనేవాళ్లకి ఒకటే మాట: దారం వదులుగా వదలకండి. బిగువు తగ్గనంత వరకు ముల్లు లేని హుక్కు కూడా నిలుస్తుంది.

చేప హుక్కు మింగేస్తోంది

అసలు చావుల్లో ఎక్కువ భాగం ఇక్కడే. పెదవికో దవడ మూలకో పట్టిన చేప చాలావరకు బతుకుతుంది. గొంతులోకి, మొప్పల్లోకి, కడుపులోకి దిగితే కష్టం. రోహు, బొచ్చె లాంటివి పిండిని పెదాలతో పీల్చి చూస్తాయి కాబట్టి వాటితో ఈ గొడవ తక్కువ. వాలుగ, కొర్రమీను, జెల్ల అలా కాదు, ఎరని చప్పరించకుండా మింగేస్తాయి.

కనిపించే కారణం మామూలు జె హుక్కు వేసి ఆలస్యంగా లేవడం. కర్ర స్టాండుకి ఆనించి, బెండు మునిగాక చేతిలో ఉన్న టీ ముగించి మరీ లేచే మనుషులు నాకు తెలుసు. అప్పటికి ఎర కడుపులో ఉంటుంది. జె హుక్కు మొన కాడకి, అంటే దారం కట్టే నిలువు భాగానికి, సమాంతరంగా పైకి చూస్తూ ఉంటుంది. ఎక్కడ లాగితే అక్కడే గుచ్చుకుంటుంది, అది గొంతైనా సరే.

దీనికి మందు సర్కిల్ హుక్కు. దాని మొన లోపలికి తిరిగి కాడ వైపు చూస్తుంది. చేప మింగినా, దారం మెల్లగా బిగిసేకొద్దీ హుక్కు గొంతులో దేనికీ తగులుకోకుండా జారుతూ వచ్చి, నోటి మూల దగ్గర తిరిగి దవడకి పట్టుకుంటుంది. మీరు చేయాల్సిందల్లా ఏమీ చేయకపోవడమే. గుంజకూడదు. దారం నిండుగా బిగిశాక నెమ్మదిగా చుట్టుకుంటూ పోవాలి. పౌరుషం కొద్దీ ఒక్క గుంజు గుంజారా, ఖాళీ హుక్కు చేతికొస్తుంది.

ఇంతవరకు చాలామందికి తెలుసు. నన్ను ముంచింది దీని తర్వాతి సంగతి.

కొన్నేళ్ల కిందట పట్నంలో ఒక షాపులో సర్కిల్ హుక్కుల ప్యాకెట్టు కొన్నాను. ప్యాకెట్టు మీద సర్కిల్ అనే రాసి ఉంది, మొన లోపలికే తిరిగి ఉంది, ధర కూడా తక్కువేం కాదు. ఆ సీజనంతా వాటితోనే వాలుగలకి వేశాను. గుంజలేదు, ముల్లు నొక్కాను, దారం బిగువుగానే ఉంచాను. అయినా పడ్డవాటిలో సగానికి సగం గొంతులోనే. మొదట ఎర పెద్దదైందనుకుని చిన్నది పెట్టాను. తర్వాత సీసం గుండు బరువు మార్చాను. పక్కనుండే తమ్ముణ్ణి "నువ్వే గుంజుతున్నావు" అని రెండు ఆదివారాలు తిట్టాను, పాపం వాడు కర్ర ముట్టుకోనే లేదు. చివరికి ఓ మధ్యాహ్నం గట్టు మీద తింటుంటే హుక్కు ఒకటి జారి స్టీలు టిఫిన్ మూత మీద పడింది. పడి, అటూ ఇటూ ఊగింది.

బల్లపరుపు మూత మీద హుక్కు ఎందుకు ఊగుతుంది? వేలితో నొక్కి చూశాను. కాడ మూతకి ఆనింది, మొన పైకి లేచి ఉంది. అంటే మొన కాడతో ఒకే వరసలో లేదు, కాస్త పక్కకి వంచి తయారు చేశారు. దీన్నే ఆఫ్‌సెట్ అంటారు. మొన పక్కకి ఉంటే ఎక్కడో ఒకచోట తగులుకుంటుందని అలా చేస్తారు. సర్కిల్ హుక్కు విషయంలో కొంప ముంచేది సరిగ్గా అదే. గొంతులోంచి జారుతూ వచ్చేటప్పుడు కాడ చాటున దాక్కోవాల్సిన మొన పక్కకి పొడుచుకుని ఉంటే దారిలోనే కండ పట్టుకుంటుంది. పేరుకి సర్కిల్, పని మాత్రం జె హుక్కుదే. వంపు ఎంత ఎక్కువుంటే అంత చెడ్డ.

అమెరికా అట్లాంటిక్ తీరంలో స్ట్రైప్డ్ బాస్ చేపకి ఎరతో గాలం వేసేవాళ్లు సర్కిల్ హుక్కే వాడాలని 2021 నుంచి నిబంధన. అందులో సర్కిల్ అంటే ఏమిటో కూడా రాశారు: ఆఫ్‌సెట్ ఉండకూడదు, మొన కాడకి అడ్డంగా, కాడ వైపే తిరిగి ఉండాలి. అక్కడ గాలం వేసే మనవాళ్లు ఈ పరీక్ష చేయకుండా నీటి దగ్గరికి వెళ్లకండి.

పరీక్షకి అర నిమిషం చాలు. హుక్కుని అద్దం మీదో స్టీలు పళ్లెం మీదో పడుకోబెట్టండి. ఊగకుండా పూర్తిగా ఆనాలి. తర్వాత కంటి ఎత్తుకి తెచ్చి కాడ వెంట సూటిగా చూడండి, మొన కాడ వెనకాల దాక్కోవాలి, పక్కకి తొంగి చూడకూడదు. చివరగా మొన ఎటు చూస్తోందో చూడండి. అది చూపించే దారిలో గీత గీస్తే కాడకి అడ్డంగా తగలాలి. గీత పైకి పోతే అది కొంచెం గుండ్రంగా వంచిన జె హుక్కు, అంతే. ప్యాకెట్టులో ఒక్కటి చూసి వదిలేయకండి, అన్నీ చూడండి. రాళ్లకి చిక్కుకుని గట్టిగా లాగిన తర్వాత కూడా మళ్లీ చూడండి, మంచి హుక్కే అలా పక్కకి తిరిగిపోతుంది.

ఆఫ్‌సెట్‌ని ప్లయర్‌తో సరిచేయవచ్చా అని అడుగుతారు. నేను ప్రయత్నించాను. కొన్ని టప్‌మని విరిగాయి. తేలిగ్గా వంగినవి పెద్ద వాలుగ పడగానే మళ్లీ వంగాయి. పారేయండి. షాపులో అడిగేటప్పుడు "ఆఫ్‌సెట్ లేనిది" అని అడగండి, కొన్ని ప్యాకెట్ల మీద ఇన్‌లైన్ అని ఉంటుంది.

సైజు గురించి ఒక ముక్క, ఎందుకంటే ఇప్పటికీ తికమక పడుతున్నారు. 10 కంటే 4 పెద్దది, 4 కంటే 1 పెద్దది, ఆ తర్వాత 1/0, 2/0 అని పెరుగుతూ పోతుంది. పిండితో రోహుకి నేను 4 లేదా 6 వాడతాను, చిన్న చేప ఎరతో కొర్రమీనుకి 1/0. ఎర హుక్కు నోరంతా నింపేయకూడదు. మొనకీ కాడకీ మధ్య ఖాళీ లేకపోతే సర్కిల్ హుక్కుకి దవడ పట్టుకునే చోటే ఉండదు.

ఇప్పటికే మింగేసి ఉంటే? లోపల వేళ్లు పెట్టి కెలక్కండి. దారాన్ని నోటికి వీలైనంత దగ్గరగా కత్తిరించి వదిలేయండి. లాగి తీసిన చేపల కంటే దారం కోసి వదిలినవి ఎక్కువగా బతుకుతాయని చాలా రకాల చేపల మీద చూశారు. కొన్ని హుక్కుని కక్కేస్తాయి కూడా. అందుకే స్టెయిన్‌లెస్ హుక్కులు నాకు నచ్చవు, మామూలు ఉక్కువైతే లోపల తుప్పు పట్టి పోతాయి. మొప్పల నుంచి రక్తం ధారగా కారుతుంటే మాత్రం వదలడం మన మనశ్శాంతి కోసమే, చేపకి ఒరిగేదేం లేదు. పట్టుకోవడానికి అనుమతి ఉన్న చోటైతే దాన్ని ఇంటికి తీసుకెళ్లి పులుసు పెట్టుకోండి.

కంటికో పొట్టకో రెక్కకో గుచ్చుకుంటోంది

దీనికి కారణం స్ప్రింగు గాలం. తవుడు, చెక్క పిండి ముద్ద చుట్టూ నాలుగైదు హుక్కులు వేలాడదీస్తే ఒకటి నోట్లో, రెండోది కంట్లో. తినడానికి పట్టేవాళ్ల ఇష్టం వాళ్లది. వదలాలనుకుంటే ఒక్కటే హుక్కు ఉంచండి. ఎరగా వేసే ప్లాస్టిక్ చేపకుండే మూడు మొనల హుక్కులు తీసి ఒంటి మొనవి పెట్టుకోండి.

వదలగానే పక్కకి ఒరిగి వెల్లకిలా పడుతోంది

ఫోటో ఎన్ని నిమిషాలు తీశారు? కెనడాలో 1992లో వచ్చిన ఒక పరిశోధనలో రెయిన్‌బో ట్రౌట్ చేపల్ని అలిసిపోయేదాకా తరిమారు. గాలిలో పెట్టనివాటిలో 12 శాతం చనిపోతే, 30 సెకన్లు పెట్టినవాటిలో 38, నిమిషం పెట్టినవాటిలో 72 శాతం చనిపోయాయి. ట్రౌట్ చల్లనీటి చేప, మన రోహు దానంత సుకుమారం కాదు. కొర్రమీనైతే గాలి పీల్చుకునే జాతి. అయినా నా లెక్క ఒకటే: మీరు ఊపిరి బిగబట్టండి, మీకు ఆడనప్పుడు చేపకీ ఆడనట్టే.

సన్న దారం వేసి అరగంట ఆడించి తీసుకురావడం గొప్ప కాదు. తగినంత లావు దారం వేసి త్వరగా గట్టుకి తెచ్చి, చేప నీళ్లలో ఉండగానే ప్లయర్‌తో హుక్కు తీయండి. అందుకే ప్లయర్ డిక్కీలో కాదు, చేతికందే చోట ఉండాలి. ఒరిగితే పొట్ట కింద చెయ్యి పెట్టి నిలబెట్టి ఉంచండి, అదే బలం చేసుకుని పోతుంది. తోక పట్టుకుని ముందుకీ వెనక్కీ ఊపకండి, వెనక్కి లాగితే మొప్పల్లోకి నీళ్లు ఎదురుగా పోతాయి.

ఎండాకాలం ఇంకో సంగతి. 20 డిగ్రీల నీటిలో లీటరుకి 9 మిల్లీగ్రాముల దాకా ఆక్సిజన్ కరుగుతుంది, 30 డిగ్రీలకి వచ్చేసరికి అది ఏడున్నర. పచ్చగా పాచిపట్టిన చెరువులో రాత్రంతా పాచి కూడా ఆక్సిజన్ వాడుకుంటుంది, కాబట్టి తెల్లవారుజామున అన్నిటికంటే తక్కువ ఉంటుంది. చల్లగా ఉందని మనం వెళ్లేది సరిగ్గా అప్పుడే. కైకలూరు, భీమవరం వైపు చెరువుల రైతుల్ని అడగండి, చేపలు పైకొచ్చి నోళ్లు తెరిచే వేళ ఏదో చెప్తారు. అలా నోళ్లు తెరుస్తుంటే ఆ పూట గాలం వేయకండి.

కొన్నాళ్లకి ఒంటి మీద దూది లాంటి బూజు

పొడి చేతులు, గోనెసంచి, కాలిన బండరాయి. చేప ఒంటి జిగురే దానికి కవచం, అది ఊడిన చోట బూజు పడుతుంది. చేతులు తడుపుకోండి, నేల మీద పెట్టకండి. ముడులున్న నైలాన్ వల కంటే రబ్బరు వల మేలు.

ఇవన్నీ సరిగ్గా చేసినా చచ్చిందంటే ఎవరో చెరువులో మందు కలిపారనో, రోగమనో అంటారు. కావచ్చు, కానీ అప్పుడు మీరు వదిలిన ఒక్కటే తేలదు.

వదలకూడనివీ ఉన్నాయి. ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ పెంపకమే మన దేశంలో నిషేధం, పడితే తిరిగి నీళ్లలో వేయకండి. ఒంటి నిండా గట్టి పెంకుతో ఉండే డెవిల్ ఫిష్ కూడా అంతే.

వానాకాలంలో నీటి మీద ఎర్రటి పిల్లల గుంపు కనిపిస్తే కింద కొర్రమీను కాపలా ఉన్నట్టే. అది ఆకలి లేకపోయినా కోపంతో ఎరని కొడుతుంది. పడితే ఫోటో ఊసెత్తకుండా అక్కడికక్కడే, పిల్లలున్న వైపే వదలండి. పది నిమిషాలు ఆలస్యమైతే తల్లి బతికినా పిల్లల్ని పక్క చేపలు తినేస్తాయి.