టోర్నీలో రన్నుల గొడవ వస్తే ఎప్పటిలోపు సరిచేయాలి

సంక్రాంతికి కావలి, కందుకూరు పక్క ఊళ్ళలో టోర్నీ పెడితే రన్నుల లెక్క దగ్గర ఒక మ్యాచ్ అయినా ఆగుతుంది, అంపైర్‌గా నిలబడింది బ్యాటింగ్ టీమ్ కుర్రాడే అయితే ఇంకా ముదురుతుంది. ఏ తప్పును ఎప్పటిలోపు దిద్దొచ్చో క్రికెట్ చట్టాల్లోనే ఉంది. టాస్‌కు ముందే ఇద్దరు కెప్టెన్లకూ చెప్పేయండి.

ముందు టీముకొక స్కోరర్‌ని, ఇద్దరినీ పక్కపక్కనే కూర్చోబెట్టండి. అంపైర్ వైడ్‌కి చేతులు చాపితే స్కోరర్ చెయ్యెత్తి చూశానని చెప్పాలి, అప్పటిదాకా తర్వాతి బంతి వేయనివ్వకూడదు. ఓవర్ అయిన ప్రతిసారీ రెండు పుస్తకాలూ సరిచూడండి. తేడా వస్తే ఆ ఓవర్‌లో నోబాల్ ఉందేమో చూడండి: దానికి బ్యాట్‌తో రెండు తీస్తే, నోబాల్‌కి వచ్చే అదనపు రన్ కలిపి ఒకరు మూడు రాసుంటారు, ఇంకొకరు రెండే.

అంపైర్‌కి తన నిర్ణయం తప్పనిపిస్తే మార్చుకోవచ్చు, కానీ వెంటనే మార్చాలి. అప్పీల్ (ఔట్ ఇవ్వమని అడగడం) అయితే తర్వాతి బంతికి బౌలర్ రనప్ మొదలుపెట్టకముందే చేయాలి. ‘సామీ, ఇందాక ఎడ్జ్ తగిలింది’ అని రెండు బంతులయ్యాక వస్తే వినక్కర్లేదు. అంపైర్ లెక్క తప్పి ఐదు బంతులకే ఓవర్ ముగించినా ఆ ఓవర్ చెల్లుతుంది. షార్ట్ రన్ (క్రీజు తాకకుండానే తర్వాతి రన్నుకి తిరగడం) కావాలని చేసింది కాకపోతే ఆ ఒక్క రన్నే తీసేయాలి, మిగతావి ఉంటాయి.

పెద్ద తగువంతా ఓవర్‌త్రో బౌండరీ దగ్గరే, అంటే ఫీల్డర్ విసిరిన బంతి ఎవరికీ అందక బౌండరీకి పోయినప్పుడు. బౌండరీ నాలుగుకి తోడు ఫీల్డర్ బంతి విసిరే క్షణానికి పూర్తయిన రన్నులన్నీ ఇవ్వాలి, సగంలో ఉన్న రన్ మాత్రం ఆ క్షణానికి బ్యాటర్లిద్దరూ ఒకరినొకరు దాటి ఉంటేనే లెక్క. లార్డ్స్‌లో జరిగిన 2019 ప్రపంచకప్ ఫైనల్‌లో న్యూజిలాండ్ ఫీల్డర్ గప్తిల్ త్రో ఇంగ్లాండ్ బ్యాటర్ స్టోక్స్ బ్యాట్‌కి తగిలి బౌండరీకి పోతే ఆరు ఇచ్చారు. రెండో రన్నుకి వాళ్ళు అప్పటికి దాటలేదని, ఐదే ఇవ్వాల్సిందని మాజీ అంపైర్ సైమన్ టౌఫెల్ తర్వాత చెప్పాడు. లార్డ్స్‌లోనే అలా జరిగితే మన గ్రౌండ్‌లో జరగదా! అందుకే త్రో విసిరేటప్పుడు ఒక అంపైర్ బంతిని, ఇంకొకరు బ్యాటర్లని చూడాలని ముందే పంచుకోండి.

చివరి బంతి పడగానే కప్పు ఇచ్చేయొద్దు. అంపైర్లు, స్కోరర్లు కూర్చుని మొత్తం కలపాలి. గెలుపోటమే మారే తప్పు దొరికి, ఓవర్లు, వికెట్లు ఇంకా మిగిలుంటే ఆగిన చోటి నుంచే ఆట కొనసాగించాలి. స్కోరు సరేనని నలుగురూ ఒప్పుకున్నాక మాత్రం ఎవరి ఫోన్ వీడియోలో ఏం కనబడినా ఫలితం మారదు.