ఎనిమిదేళ్లలోపు బాలికల్లో రొమ్ము ఎదుగుదల: జనరల్ ప్రాక్టీస్‌లో అంచనా వేసే పద్ధతి

ఎనిమిదేళ్లు నిండకముందే ఆడపిల్లకు రొమ్ములు ఎదుగుతున్నాయని తల్లి ఆందోళనతో వచ్చినప్పుడు, వైద్యుడు ముందుగా తేల్చుకోవలసింది అది గ్రంథి కణజాలమా, కేవలం కొవ్వా అన్నది. బొద్దుగా ఉన్న పిల్లల్లో చూపును మాత్రమే నమ్మితే పొరబడతాము కనుక, తల్లి సమక్షంలో, పాపకు విషయం చెప్పి, ఆమె ఒప్పుకున్నాకే క్లుప్తంగా పరీక్షించాలి. చనుమొన కింద బిళ్లలా గట్టిగా తగిలేది గ్రంథి, అంతటా మెత్తగా ఉండేది కొవ్వు. ఎదుగుదల ఒకవైపే మొదలవడం మామూలే. దానిని గడ్డగా భావించి బయాప్సీకి (చిన్న ముక్క తీసి పరీక్షించడానికి) తొందరపడకూడదు; ఎదగబోయే ఆ రొమ్ము మొగ్గ దెబ్బతింటే రొమ్ము మరి సరిగా ఎదగకపోవచ్చు.

గ్రంథే అయితే, అది వయసుకు ముందే మొదలైన యౌవనారంభమా కాదా అని తేల్చడానికి నా దృష్టిలో అన్నిటికంటే విలువైన ఆధారం ఎత్తు. టీకా కార్డులోనూ బడి రికార్డులోనూ ఉన్న పాత కొలతలను గ్రోత్ చార్టుపై (వయసును బట్టి పిల్లల ఎదుగుదలను చూపే గీతల పటంపై) గుర్తించాలి. రెండేళ్లలోపు పాప మామూలు వేగంతోనే పెరుగుతూ, ఇతర మార్పులేవీ లేకపోతే, కొన్ని నెలలకొకసారి మళ్లీ కొలిచి చూడటం సాధారణంగా సరిపోతుంది. పాప ఎత్తు గీత చార్టులోని పైగీతలను దాటిపోతుంటే ఎడమచేతి ఎక్స్‌రేతో ఎముకల వయసు, అంటే ఎముకలు ఏ వయసుకు తగ్గట్టు ఎదిగాయో, చూడాలి.

ఇంట్లో ఎవరైనా హార్మోన్ మాత్రలు, క్రీములు వాడుతున్నారేమో తప్పక అడగాలి. యోని రక్తస్రావం, తగ్గని తలనొప్పి, చూపు మందగించడం, చర్మంపై పెద్ద కాఫీరంగు మచ్చలు కనిపిస్తే, ఆలస్యం చేయకుండా పిల్లల ఎండోక్రైనాలజిస్టు (హార్మోన్ల నిపుణుడు) వద్దకు పంపాలి.