ఐపీ చిరునామాను మాస్క్‌తో కలిపి చదవడం ఎలా?

192.168.10.77 అనే ఐపీ చిరునామా మనకు నాలుగు సంఖ్యలుగా కనిపించినా, కంప్యూటర్‌కు అది 32 బిట్ల (0 లేదా 1 అంకెల) వరుస మాత్రమే. ఆ వరుసను ఎనిమిదేసి బిట్లుగా విడగొట్టి దశాంశంలో రాసుకుంటాం కనుక ఏ సంఖ్యా 255ను దాటదు.

ఎడమవైపు బిట్లు నెట్‌వర్క్‌ను, మిగిలినవి అందులోని పరికరాన్ని సూచిస్తాయి. ఈ రెండింటి మధ్య సరిహద్దు ఎక్కడుందో సబ్‌నెట్ మాస్క్ చెబుతుంది. 192తో మొదలయ్యే చిరునామాకు 255.255.255.0 అనే మాస్కే ఉంటుందనుకోవడం, మొదటి సంఖ్యను బట్టి మాస్క్‌ను నిర్ణయించిన పాత క్లాస్ పద్ధతి మిగిల్చిన అలవాటు. 1993లో, సరిహద్దును ఏ బిట్ దగ్గరైనా పెట్టనిచ్చే సైడర్ (CIDR) పద్ధతి వచ్చాక ఆ నియమానికి కాలం చెల్లినా, అలవాటు మాత్రం పోలేదు.

పై చిరునామాకు మాస్క్ 255.255.255.192, అంటే /26 (ఎడమవైపు 26 బిట్లు నెట్‌వర్క్‌వి), అనుకుందాం. 256 నుంచి 192 తీసివేస్తే 64 వస్తుంది కనుక, చివరి సంఖ్యలో బ్లాకులు 0, 64, 128, 192 వద్ద మొదలవుతాయి. 77 రెండో బ్లాకులో పడుతుంది. ఆ బ్లాకులో మొదటిదైన 64 నెట్‌వర్క్ చిరునామా, చివరిదైన 127 బ్రాడ్‌కాస్ట్ చిరునామా (బ్లాకులోని అందరికీ ఒకేసారి పంపడానికి వాడేది). వాటిని వదిలేస్తే 65 నుంచి 126 వరకు 62 చిరునామాలను పరికరాలకు ఇవ్వవచ్చు. బైనరీ పట్టికల కన్నా ఈ తీసివేత పద్ధతే చేతికి త్వరగా అలవడుతుందని నా అభిప్రాయం.

కంప్యూటర్ ఏదైనా ప్యాకెట్‌ను (డేటా ముక్కను) పంపే ముందు, గమ్యం తన బ్లాకులోనే ఉందో లేదో తన మాస్క్‌తోనే తేల్చుకుంటుంది. ఉంటే నేరుగా, లేకపోతే డీఫాల్ట్ గేట్‌వే, అంటే బయటి నెట్‌వర్క్‌లకు దారి చూపే రౌటర్, ద్వారా పంపుతుంది. అందువల్ల గేట్‌వే కూడా అదే బ్లాకులో ఉండాలి. చాలామంది అలవాటుగా రాసే 192.168.10.1 ఇక్కడ పనికిరాదు, 65 వంటిది కావాలి.

కంప్యూటర్‌లో మాస్క్‌ను పొరపాటున /24గా (255.255.255.0గా) పెడితే లోపం వెంటనే బయటపడదు. ఇంటర్నెట్ పనిచేస్తుంది, సొంత బ్లాకులోని పరికరాలూ పలుకుతాయి. పక్క బ్లాకులోని 192.168.10.130 మాత్రం సాధారణంగా అందదు, ఎందుకంటే అది తన నెట్‌వర్క్‌లోనే ఉందని భ్రమపడిన కంప్యూటర్ గేట్‌వేను అడగనే అడగదు. ఇటువంటి పాక్షిక వైఫల్యం ఎదురైతే కేబుళ్లు మార్చే ముందు మాస్క్‌ను చూడండి.

చిరునామా 169.254తో మొదలైతే సమస్య వేరు: చాలా సందర్భాల్లో, పరికరాలకు చిరునామాలు పంచే డీహెచ్‌సీపీ సర్వర్ నుంచి జవాబు రాక, పరికరం తనకు తానే ఆ చిరునామాను ఇచ్చుకుంది.