ఆస్ట్రేలియా వీసా వచ్చింది, సాలీడంటే భయం పోలేదా?

అనంతపురం పాత మిద్దెల్లో గోడకు అతుక్కుని బొద్దింకలు పట్టే పెద్ద సాలీడు, ఆస్ట్రేలియాలో ఉండే హంట్స్‌మన్‌ సాలీడు ఒకే కుటుంబం. కాబట్టి భయం పోగొట్టుకునే సాధన ఇంట్లోనే మొదలుపెట్టొచ్చు. ముందు ఫోటో, తర్వాత వీడియో, ఆపైన మూతపెట్టిన గాజు సీసాలో సాలీడు. 3 మీటర్ల దూరం నుంచి రోజూ కొంచెం దగ్గరికి జరగాలి. భయానికి పదికి ఎన్నో మార్కులేసుకుని, అది సగానికి దిగేదాకా అక్కడే కూర్చోవాలి. ఎనిమిది దగ్గర లేచి పారిపోతే భయం ఇంకా ముదురుతుంది. చాలామంది చెడగొట్టుకునేది ఇక్కడే. చీపురు పక్కన పెట్టేయండి. గ్లాసు బోర్లించి, కింద అట్టముక్క దూర్చి, బయట వదలడం నేర్చుకోండి.

హంట్స్‌మన్‌ చూడ్డానికి మాత్రమే భయంకరం. అసలు జాగ్రత్త సిడ్నీ వైపు ఉండే ఫనెల్‌వెబ్‌ అనే విషపు సాలీడుతో. దాని విషానికి విరుగుడు 1981 నుంచి ఉంది. కరిస్తే ఆ కాలికో చేతికో మొత్తం బిగుతుగా బ్యాండేజీ చుట్టి, కదలకుండా అక్కడి అత్యవసర నంబరు 000కి ఫోన్ చేయాలి. రెడ్‌బ్యాక్‌ అనే ఇంకో విషపు సాలీడు కరిస్తే కట్టు వద్దు, ఐస్ పెట్టాలి. ఆరుబయట వదిలిన బూట్లు మాత్రం దులిపే తొడగండి.