టర్బో ఆటోమేటిక్ కారుతో డ్రాగ్ రేసు: బయలుదేరే ముందే బూస్ట్

డ్రాగ్ రేసులో, అంటే తిన్నని దారిపై సాగే వేగపు పోటీలో, టర్బో ఉన్న ఆటోమేటిక్ కారును బయలుదేరే గీత దగ్గర ఊరికే నిలిపి, పచ్చ దీపం చూశాక యాక్సిలరేటర్ తొక్కితే, టర్బోలో ఎగ్జాస్ట్ వాయువులతో తిరిగే టర్బైన్ వేగం అందుకునేలోపే విలువైన క్షణాలు గడిచిపోతాయి. న్యూట్రల్‌లో ఇంజన్‌ను ఎంత తిప్పినా దానిపై భారం ఉండదు కనుక బూస్ట్ (టర్బో ఇంజన్‌లోకి తోసే అదనపు గాలి ఒత్తిడి) పెద్దగా పుట్టదు. అలా తిప్పి హఠాత్తుగా డ్రైవ్‌లోకి మార్చడమంటే గేర్‌బాక్సును చేజేతులా పాడుచేసుకోవడమే. అందువల్ల కారు గీత దగ్గర సరైన చోట నిలిచిందని చూపే స్టేజ్ దీపాలు రెండూ వెలిగాక, డ్రైవ్‌లోనే ఉంచి, ఎడమ కాలితో బ్రేకును గట్టిగా అదిమి, కుడి కాలితో యాక్సిలరేటర్‌ను మెల్లగా పెంచండి. అప్పుడు టార్క్ కన్వర్టర్ (ఇంజన్ శక్తిని ఆయిల్ ద్వారా గేర్‌బాక్సుకు అందించే భాగం) ఇంజన్‌కు ఎదురుభారం ఇస్తుంది, ఎగ్జాస్ట్ ప్రవాహం పెరుగుతుంది, టర్బో వేగం పుంజుకుంటుంది. చక్రాలు బ్రేకును మించి ముందుకు జరిగితే ముందే బయలుదేరిన తప్పుకు ఎర్ర దీపం పడుతుంది కనుక, కారు కదలబోయే స్థాయికి కాస్త దిగువనే ఆగండి. ఈ స్థితిలో 2, 3 సెకన్లకు మించి ఉండవద్దు, ఎందుకంటే ఆ శక్తి అంతా కన్వర్టర్‌లోని ఆయిల్‌ను మరిగించడానికే పోతుంది. పసుపు దీపాలు 0.5 సెకను తేడాతో ఒకదాని తర్వాత ఒకటి వెలిగే చోట, మూడోది వెలగగానే బ్రేకు వదలాలి. మామూలు రోడ్డు టైర్లయితే పట్టు చూసుకుంటూ యాక్సిలరేటర్‌ను క్రమంగా అదమండి. డ్యూయల్ క్లచ్ గేర్‌బాక్సు (రెండు క్లచ్‌లతో పనిచేసేది) ఉన్నవారు మాత్రం దీని జోలికి పోకుండా, కారులో లాంచ్ కంట్రోల్ (బయలుదేరడాన్ని కారే నియంత్రించే సౌకర్యం) ఉంటే దానినే వాడాలి.