పాత అస్థిపంజరం ఆడమనిషిదా, మగమనిషిదా: ఎలా తేల్చాలి?

వరద తీసి గట్టు విరిగిన ప్రతిసారీ గోదావరి లంకల్లో ఎక్కడో ఒకచోట ఎముకలు బయటపడతాయి. సాయంత్రానికల్లా పుర్రె ఫోటో వాట్సాప్‌లో తిరుగుతుంది, కింద ఎవరో "నుదురు చూశారా, పక్కా మగాడే" అని తేల్చేస్తారు. దయచేసి పుర్రెతో మొదలుపెట్టకండి. చూడాల్సింది కటి ఎముక, అంటే నడుము కింద ఉండే తుంటి ఎముక. బిడ్డ తల పట్టేలా మలిచిన ఎముక అదొక్కటే, ఆడా మగా తేడా తిండిని బట్టీ పనిని బట్టీ కాకుండా పుట్టుకను బట్టి ఎక్కువగా కనిపించేది అందులోనే.

ఇంకో మాట. గట్టున ఎముక కనిపిస్తే ముందు పోలీసులకీ వీఆర్వోకీ చెప్పాలి. అది వెయ్యేళ్లదో మొన్నటిదో కంటితో చూసి చెప్పే విద్య ఎవరి దగ్గరా లేదు. కింద రాసేదంతా ఎముకలు పాతవని తేలాక, పురావస్తు శాఖ అనుమతితో పని జరుగుతున్నప్పటి సంగతి.

సామాను పెద్దగా అక్కర్లేదు. వెర్నియర్ కాలిపర్, మెత్తటి బ్రష్, ఇసుక పోసిన ట్రే, పక్కనుంచి వెలుగు పడే టేబుల్ లైటు, పెన్సిలు, గుప్పెడు కొబ్బరి ఈనెలు. ఇనుప సూదులు, స్క్రూడ్రైవర్లు బల్ల మీద అసలు ఉండకూడదు. వెదురు పుల్ల మంచిదంటారు కొందరు, కానీ ఈనె వంగుతుంది, వెదురు వంగకుండా గీత పెడుతుంది, కాబట్టి ఈనే వాడాలి. కోనసీమలో ఉండి వెదురు కొనుక్కోవడం ఏమిటో నాకు అర్థం కాదు.

మన బంకమన్ను పూర్తిగా ఆరనివ్వకండి. ఆరితే బిగుసుకుని, లాగినప్పుడు ఎముక పైపొరను కూడా పట్టుకొస్తుంది. కాస్త తడి ఉండగానే నీడలో కూర్చుని ఈనెతో తీయండి. కుళాయి కింద పెట్టి కడగొద్దు. విరిగిన చోట ఫెవికాల్ రాయొద్దు, వార్నిష్ అసలే వద్దు. మనం చూడాల్సిన గుర్తులు ఎముక పైపొర మీదే ఉంటాయి.

తర్వాత వయసు. కటి ఎముక చిన్నప్పుడు మూడు ముక్కలు: పైన ఇలియం, కింద వెనకవైపు ఇస్కియం, ముందు ప్యూబిస్. తొడ ఎముక తల కూర్చునే తుంటి గిన్నెలో ఆ మూడూ అతుక్కుని, తొడ ఎముక తల కాడతో కలిసిపోయి ఉంటేనే ముందుకు వెళ్లండి. పిల్లల ఎముకలైతే ఆకారం చూసి ఆడో మగో రాయకండి, ఈడు రాకముందు ఆ తేడా నమ్మేంతగా ఏర్పడదు.

ఇక కటి ఎముక. ముందువైపు ప్యూబిస్ దొరికితే అదృష్టమే. 1969లో ఫెనిస్ అనే ఆయన చెప్పిన మూడు గుర్తులు ఇప్పటికీ వాడతాం. ప్యూబిస్ ముందువైపు ఏటవాలుగా దిగి కింది మూలను ముక్కోణంలా విడదీసే గట్టు ఉంటే ఆడ. వెనక్కి తిప్పి చూస్తే, కుడి ఎడమ ప్యూబిస్‌లు కలిసే కీలు కింది అంచు లోపలికి వంగి ఉంటే ఆడ. ఆ అంచునే లోపలివైపు నుంచి చూసినప్పుడు సన్నగా పదునుగా ఉంటే ఆడ, వెడల్పుగా చదునుగా ఉంటే మగ. మూడోది అంత నమ్మదగింది కాదు, మొదటి రెండిటితో పేచీ వస్తే దాన్ని వదిలేయండి. మొదటిదాంట్లోనూ ఒక మెలిక ఉంది: మగవాళ్లలో కూడా ఒక గట్టు కనిపించవచ్చు, కానీ అది కీలు పక్కనే సమాంతరంగా పోతుంది, మూలను విడదీయదు. చిన్న వయసు ఆడవాళ్లలో గట్టు ఇంకా సరిగా ఏర్పడి ఉండకపోవచ్చు.

అయితే ప్యూబిస్ పలచటి ఎముక, పైన పడ్డ మట్టి బరువుకి ముందు నలిగేది అదే. కాబట్టి చాలాసార్లు మీ చేతిలో మిగిలేది వెనకవైపు సయాటిక్ వంపు ఒక్కటే. సయాటికా నొప్పి తెప్పించే నరం తొడలోకి దిగే దారి అది. వెడల్పుగా ఉంటే ఆడ, ఇరుగ్గా ఉంటే మగ అని అందరికీ తెలుసు, అందుకే అందరూ ఇక్కడే తప్పు చేస్తారు.

బొటనవేలు పెట్టి చూడటం మానండి. వేలు అటూ ఇటూ ఆడితే ఆడ, బిగుసుకుంటే మగ అని నేర్పేవాళ్లు ఇంకా ఉన్నారు. ఎవరి వేలండీ? ఆరడుగుల మనిషి వేలూ, నిన్న చేరిన అమ్మాయి వేలూ ఒకే కొలతా? ఈ వంపు ఆకారాలు గీసిన అయిదు బొమ్మల చార్టు ఉంటుంది, 1 బాగా వెడల్పు, 5 బాగా ఇరుకు. ఎముకను ఆ చార్టుకి ఆరంగుళాల ఎత్తులో పట్టుకోండి. వంపు ముందు భాగంలో, ఇస్కియం ముల్లు (అక్కడ ముల్లులా పొడుచుకొచ్చిన ఎముక మొన) దాకా వచ్చే తిన్నని అంచును బొమ్మ కుడి అంచుతో వరసలో పెట్టండి. తర్వాత ఒక్కో బొమ్మ మీదకీ జరుపుతూ దగ్గరగా కుదిరేది ఏదో చూడండి. ఎముకను కొంచెం తిప్పి పట్టుకుంటే చాలు, 2 కాస్తా 4లా కనిపిస్తుంది. ఫోటో చూసి నంబరు వేయడం కుదరదనేది ఇందుకే, ఫోటో తీసినవాడు ఏ కోణంలో తీశాడో మీకు తెలియదు కదా.

ముల్లు విరిగిందేమో చూసుకోండి. విరిగితే వంపు ఉన్నదానికంటే విశాలంగా కనిపిస్తుంది, మగవాడు ఆడమనిషి అయిపోతాడు. వెనక అంచున ముసలితనంలో అదనంగా పెరిగిన ఎముక ఉంటే దాన్ని కంటితోనే తీసేసి చూడాలి. లోపల మూలలో బంకమన్ను అతుక్కుని ఉంటే వంపు ఇరుకైపోతుంది, మన దగ్గర ఇది మామూలే, ఈనె మళ్లీ పట్టుకోండి. విటమిన్ డి లోపంతో ఎముకలు మెత్తబడినవాళ్లలో కూడా వంపు ఇరుకుగా మారవచ్చు, కాబట్టి కాళ్ల ఎముకలు వంగి ఉంటే అనుమానించండి. చిన్న వయసులో పోయినవాళ్లలో వంపు కాస్త వెడల్పుగా ఉండే ధోరణి కూడా ఉంది.

అన్నిటికంటే ఎక్కువగా చూసే పొరపాటు చార్టులో 3వ బొమ్మ గురించి. 3 అంటే సగం సగం, తేలనట్టు అనుకుంటారు. కాదు. ఆడవాళ్లు 1 చుట్టూ గుంపుగా ఉంటారు, మగవాళ్లు చార్టంతా పరుచుకుని ఉంటారు, కాబట్టి 3 మగవైపే మొగ్గుతుంది. అసలు తికమక 2 దగ్గర. అక్కడ ఆగి వేరే గుర్తు వెతకండి, ఏదీ లేకపోతే "తేలలేదు" అని రాయండి. అలా రాయడానికి జనం ఎందుకంత నామోషీ పడతారో తెలియదు. రాసిన నంబరు మూసి పక్కన పెట్టి, కొన్ని రోజుల తర్వాత మళ్లీ వేయండి, వేరేవాళ్ల చేత కూడా వేయించండి, ఇద్దరూ ఒకరి కాగితం ఒకరు చూడకూడదు.

కటి ఎముక లోపల చిన్న గుంటలు కనిపిస్తే "ఇన్ని కాన్పులు" అని లెక్క చెప్పేవాళ్లుంటారు. గుంటలను బట్టి కాన్పులు చెప్పలేం.

పుర్రె రెండో సాక్షి మాత్రమే. చెవి వెనక బుడిపె, కంటి గూటి పై అంచు, కనుబొమ్మల మధ్య ఉబ్బు, తల వెనక గట్టు, గడ్డం, ఈ అయిదూ చూస్తాం. వయసు పైబడ్డ ఆడవాళ్ల పుర్రె మోటుగా మారుతుంది, కుర్రాళ్లది నాజూగ్గా ఉంటుంది. పైగా ఏ జనాభాకి ఆ జనాభా తీరు వేరు.

కొలతలకీ అదే మాట. అమెరికా ఎముకల మీద కట్టిన లెక్కలో తొడ ఎముక తల అడ్డకొలత 47.5 మిల్లీమీటర్లు దాటితే మగ, 42.5 లోపైతే ఆడ. ఆ అంకెలు తెచ్చి మనవాళ్ల మీద పెడితే, మన ఎముకలు సగటున చిన్నవి కాబట్టి, చాలామంది మగవాళ్లు ఆడవాళ్లయి కూర్చుంటారు. అదే చోట దొరికిన, కటి ఎముకతో తేల్చినవాళ్ల కొలతలు తీసి వాటితోనే పోల్చండి. కాలిన ఎముకలైతే కొలవనే వద్దు, మంటకి కుంచించుకుపోతాయి.

సమాధిలో దొరికిన వస్తువులు మీ నంబర్లు రాసేదాకా చూడకండి. పూసలుంటే ఆడ, కత్తి ఉంటే మగ అనుకుని స్వీడన్‌లోని బిర్కాలో 1878లో తవ్విన ఒక సమాధిని వందేళ్లకు పైగా వీరుడిదనే రాసుకున్నారు, 2017లో డీఎన్ఏ చూస్తే ఆడమనిషి. ఇటలీలోని మొదెనాలో చేతులు కలిపి ఉన్న జంటను ప్రేమికులన్నారు, 2019లో పళ్లు పరీక్షిస్తే ఇద్దరూ మగవాళ్లే.

డీఎన్ఏ ఉండగా ఈ తంటా అంతా ఎందుకని అడుగుతారు. మన వేడికీ చెమ్మకీ డీఎన్ఏ నిలవదు. హర్యానాలోని హరప్పా నాగరికత ఊరు రాఖీగఢీలో 60కి పైగా నమూనాలు చూస్తే 2019 నాటికి పనికొచ్చింది ఒక్కటి, అది ఒక మహిళది. డెల్టా నేలలో అంతకంటే మెరుగ్గా దొరుకుతుందని ఆశపడకండి. పంటి ఎనామెల్ నయం. అందులో ఎమెలోజెనిన్ అనే ప్రోటీన్ ఉంటుంది. ఎక్స్ క్రోమోజోమ్ వల్ల వచ్చేది ఒక రకం, మగవాళ్లకే ఉండే వై క్రోమోజోమ్ వల్ల వచ్చేది ఇంకో రకం, వై రకం కనిపిస్తే మగ. పిల్లల విషయంలో దారి ఇదే. వై కనిపించకపోతే మాత్రం "బహుశా ఆడ" అనే రాయాలి. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు 2002లో 270 మంది భారతీయ మగవాళ్లను పరీక్షిస్తే 5గురిలో ఆ వై రకం ప్రోటీన్‌ను తయారుచేసే జన్యువే లేదు. ఈ సంగతి విదేశీ పద్ధతులు దించుకునేవాళ్లు చెప్పరు.

కాబట్టి పళ్లు కడగకండి, వట్టి చేత్తో ముట్టకండి. దవడలోనే ఉంచి కాగితం కవర్లో పెట్టి, ఆ కవరును సిలికా జెల్ ఉన్న డబ్బాలో దాచండి. పాలిథిన్ సంచిలో కడితే శ్రావణమాసానికి బూజు పడుతుంది. లేబుల్ పెన్సిల్‌తోనే రాయాలి, చెమ్మ తగిలితే జెల్ పెన్ను అలుక్కుపోతుంది.