నోటరీ సీలు ఉన్నా రిజిస్ట్రేషన్ ఎందుకు ఆగుతోంది: సమస్య - పరిష్కారం

కడప జిల్లాలో ఇంటికొకరు కాకపోయినా వీధికి ఇద్దరైనా కువైట్‌లోనో అమెరికాలోనో ఉంటారు, ఈడ వాళ్ళ పేరున పొలమో ప్లాటో ఉంటుంది, అది అమ్మాలంటే అమ్మకో తమ్మునికో జిపిఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ, అంటే మన తరపున పని చేసే అధికారం ఇచ్చే కాగితం) రాసి పంపిస్తారు. ఆ కాగితం తీసుకొని రిజిస్ట్రార్ ఆఫీసుకు పోతే "ఇది చెల్లదు" అంటారు. అప్పుడు అందరూ అడిగేది ఒకటే, "నోటరీ ఉంది కదన్నా, ఇంకేం కావాల?" అని. స్టాంపు పేపరు యాడ కొనాల, ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీల సర్టిఫికెట్) ఎట్ల తీయాల అనేవి మీకు తెలిసినవే కాబట్టి వాటి జోలికి పోను. సీలు ఉన్నా పని ఆగితే ఏం చూడాలో చెప్తా.

అన్నిటికన్నా ముందు చూడాల్సింది ఒకటుంది, అదే ఎవరూ చూడరు. సంతకం పెట్టిన రోజు ఆ మనిషి యాడ ఉన్నాడు? ఇండియాలోనా, బయటా? దీనికి జవాబు తెలిస్తే సగం సమస్యలు ఆడికాడికే తేలిపోతాయి.

సమస్య: "ఈ జిపిఏతో రిజిస్ట్రేషన్ చేయం" అంటాండారు

మనిషి ఇండియాలో ఉండి సంతకం పెట్టింటే కారణం అదే. రిజిస్ట్రేషన్ చట్టం 1908లో సెక్షన్ 33 చదవండి. ఇండియాలో ఉండే మనిషి ఇచ్చే పవర్‌తో దస్తావేజు రిజిస్టర్ చేయించాలంటే, ఆ పవర్ తాను ఉండే ఊరి సబ్ రిజిస్ట్రార్ ముందర సంతకం పెట్టి అథెంటికేట్ (ధ్రువీకరణ) చేయించుకోవాల. ఇండియా బయట ఉండే వాళ్ళకు మాత్రమే నోటరీ గానీ, కోర్టు గానీ, ఇండియన్ కాన్సులేట్ గానీ సరిపోతుంది. బెంగళూరులో ఉద్యోగం చేసే పిల్లోడు ఆఫీసు పక్కన నోటరీ దగ్గర సీలు వేయించి కొరియర్‌లో పంపిస్తే అది ఈ పనికి రాదు, ఆ నోటరీ ఎంత మంచోడైనా సరే. బెంగళూరులోనే సబ్ రిజిస్ట్రార్ దగ్గరికి పోవాల. సెలవు మీద ఇంటికొచ్చిన కువైట్ మనిషి కూడా అంతే, ఊర్లో ఉన్నన్నాళ్ళు కోర్టు దగ్గర నోటరీ చేయించి మళ్ళీ విమానం ఎక్కేస్తారు. సెలవులో ఉన్నప్పుడే ఒక పూట సబ్ రిజిస్ట్రార్ దగ్గరికి పోతే అయిపోయేది కదా. ఇంకా చెప్పాలంటే బేరం తెగింటే తానే నిలబడి అమ్మేయొచ్చు, జిపిఏతోనే పనిలేదు.

మంచం మీద ఉండి రాలేని పెద్దవాళ్ళకు మినహాయింపు ఉంది, ఆఫీసులో అర్జీ ఇస్తే ఇంటికొచ్చి చూస్తారు.

సమస్య: ఎంబసీ సీలు ఉంది, సంతకం కువైట్‌లోనే పెట్టినాడు, అయినా ఆపినారు

జాగ్రత్తగా చదవాల్సింది ఇదే. ఎందుకంటే ఇందులో కాగితంలో తప్పేమీ కనపడదు. సీలు ఉంటుంది, ఫోటో ఉంటుంది, సర్వే నంబర్లు కరెక్టుగా ఉంటాయి, లాయరు కూడా చదివి బాగుందంటాడు. లేనిది మన స్టాంపు డ్యూటీ, దాటిపోయింది గడువు.

బయట దేశంలో రాసిన కాగితానికి ఇండియన్ స్టాంపు చట్టం 1899 సెక్షన్ 18 ప్రకారం, అది ఇండియాకు మొదటిసారి వచ్చిన రోజు నుంచి 3 నెలల లోపల స్టాంపు డ్యూటీ కట్టించుకోవాల. మన దగ్గర ఆ పని జిల్లా రిజిస్ట్రార్ ఆఫీసులో జరుగుతుంది, వాలిడేషన్ అంటారు. ఎంబసీ వేసే సీలు సంతకం నిజమని చెప్తుంది, అంతే. దానికీ స్టాంపు డ్యూటీకీ సంబంధం లేదు.

ఇంట్లో జరిగేదేమంటే, జిపిఏ రాగానే "ఇంకా కొనేవాళ్ళు దొరకలేదు కదా, ఇప్పుడే డబ్బులెందుకు కట్టాల" అని బీరువాలో పెట్టేస్తారు. 5, 6 నెలలకు బేరం కుదురుతుంది, అడ్వాన్సు తీసుకుంటారు, అప్పుడు బయటికి తీస్తారు. ఒక కుటుంబం నాకు బాగా గుర్తు, రాజంపేట వైపు వాళ్ళు, బిడ్డ పెళ్ళికని పొలం బేరం పెట్టినారు, కాగితం వాళ్ళింట్లో ఊరకే ఉండిపోయింది. గడువు దాటిందని తెలిసి దాని చుట్టూ తిరిగే లోపల కొనేవాళ్ళు ఓపిక పట్టలేక అడ్వాన్సు వెనక్కి అడిగినారు, పెళ్ళి ముందరేమో ఆ డబ్బు అప్పటికే ఖర్చయిపోయింది. ఆ తల్లి ఆఫీసు మెట్ల మీద కూర్చొని "నా కొడుకు అన్నీ సక్రమంగానే పంపించినాడు కదయ్యా" అంటాంటే నాకు కడుపు తరుక్కుపోయింది. నిజంగానే కొడుకు అన్నీ సక్రమంగానే పంపించినాడు.

ఇందులోనే ఇంకొక మెలిక ఉంది. 3 నెలలు లెక్కపెట్టేది సంతకం పెట్టిన రోజు నుంచి కాదు, ఇండియాకు వచ్చిన రోజు నుంచి. మరి ఏ రోజు వచ్చిందో రుజువేంది? కొరియర్ కవరు. దాని మీద తేదీ ఉంటుంది, ట్రాకింగ్ నంబరు ఉంటుంది. మనోళ్ళు కాగితం తీసుకొని కవరు చించి పారేస్తారు. కువైట్ వాళ్ళయితే అసలు కొరియరే వేయరు, ఊరికొచ్చే మనిషి చేతికిచ్చి పంపుతారు, ఖర్చు తక్కువ, నమ్మకం ఎక్కువ. కానీ చేతికొచ్చిన కాగితానికి తేదీ యాడుంది? అప్పుడు ఆఫీసులో ఎంబసీ సీలు తేదీ చూసి లెక్క కడితే మీరు కాదని చెప్పడానికి మీ చేతిలో ఏమీ ఉండదు. అందుకే తెచ్చిన మనిషి పాస్‌పోర్టులో ఇమ్మిగ్రేషన్ ముద్ర ఉండే పేజీ జిరాక్సు, టికెట్టు కాపీ, ఆ రోజే అడిగి తీసి పెట్టుకోండి. చెన్నైలో దిగినా బెంగళూరులో దిగినా ముద్ర ముద్రే. వాట్సాప్‌లో పంపిన ఫోటోతో మాత్రం ఏ పనీ కాదు, ఒరిజినలే కావాల.

పరిష్కారం మూడు రకాలు. గడువు లోపల ఉంటే కొనేవాళ్ళ కోసం చూడకుండా ఒరిజినల్, కవరు, ఆస్తి కాగితాలు తీసుకొని రేపే జిల్లా రిజిస్ట్రార్ ఆఫీసుకు పోండి. డ్యూటీ ఎంతనేది పవర్ ఎవరికిచ్చినారనే దాన్ని బట్టి మారుతుంది, ఇంట్లో వాళ్ళకు ఒక లెక్క, బయటి వాళ్ళకు ఇంకొక లెక్క, చలానా కట్టే ముందు ఆడనే అడగండి.

3 నెలలు దాటింది కానీ రాసిన రోజు నుంచి ఏడాది కాలేదంటే అదే స్టాంపు చట్టం సెక్షన్ 41 కింద అర్జీ పెట్టండి, తెలియక జరిగిందని రాసి, మీ అంతట మీరే తీసుకుపోయి ఇవ్వాల. అధికారి ఒప్పుకుంటే డ్యూటీ వరకే కట్టించుకొని సరిచేస్తారు. ఈడొక మాట గట్టిగా చెప్తున్నా, ఇట్లాంటి కాగితాన్ని సబ్ రిజిస్ట్రార్ కౌంటర్లో ముందు ఇవ్వొద్దు. స్టాంపు లేని కాగితం కంటబడితే దాన్ని పట్టి ఉంచాల్సిన బాధ్యత వాళ్ళకు చట్టం ప్రకారం ఉంది, అప్పుడు పెనాల్టీ దారిలోకి పోతుంది, అది తక్కువ పడిన డ్యూటీకి 10 రెట్ల దాకా పోవచ్చు. ముందు జిల్లా రిజిస్ట్రార్, తర్వాతే సబ్ రిజిస్ట్రార్.

ఏడాది కూడా దాటిపోయిందా, పెనాల్టీతో కొట్లాడేకన్నా కొత్త జిపిఏ తెప్పించుకోండి. ఈసారి మీ వాళ్ళకు చెప్పండి, ఎంబసీకి పోకముందే ఇంట్లో సంతకం పెట్టొద్దు, ఆడ అధికారి ముందరే పెట్టాలని.

సమస్య: నోటరీ అగ్రిమెంటు ఉంది, పట్టాదారు పాస్‌బుక్ మా పేరుకు మారట్లేదు

మారదు. నోటరీ మీద ప్లాటు కొన్నామనుకునే వాళ్ళు ప్రొద్దుటూరులో ఉన్నారు, కడపలో ఉన్నారు, చాలా మంది ఉన్నారు. 100 రూపాయలు దాటిన స్థిరాస్తి అమ్మకం రిజిస్టరైన దస్తావేజుతోనే జరగాల. జిపిఏ, అగ్రిమెంటు రెండూ కలిపి ఇచ్చినా హక్కు రాదని 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. అమ్మిన మనిషి బతికుండి ఒప్పుకుంటే వెంటనే పిలిచి రిజిస్టర్ చేయించుకోండి. ఒప్పుకోకపోతే కోర్టులో దావా, దానికి 3 ఏళ్ళ గడువు ఉంది కాబట్టి పెద్దమనుషుల పంచాయితీలు చేసుకుంటా కాలం పోగొట్టొద్దు, ముందు లాయరును కలవండి.

సమస్య: పేరు కలవలేదు

పాస్‌పోర్టులో ఇంటి పేరు పూర్తిగా, పాస్‌బుక్‌లో ఒక్క అక్షరం. జిపిఏ రాసేటప్పుడే రెండు పేర్లూ "అలియాస్" అని రాయించండి, తర్వాత అఫిడవిట్లతో అతికించడం కష్టం. నోటరీ సీలు దగ్గర తేదీ, రిజిస్టరు నంబరు ఉన్నాయా చూడండి, నోటరీ తన రిజిస్టర్లో ఎక్కించని కాగితం రేపు గొడవొస్తే నిలబడదు. పవర్ ఇచ్చిన మనిషి చనిపోయింటే మామూలుగా ఆ పవర్ కూడా పోయినట్టే, వారసులే రావాల. ఇంక నోటరీ లైసెన్సు అయిపోవడం, దొంగ సీలు ఇట్లాంటివి చాలా అరుదు, పైవన్నీ చూసినాకే వాటి గురించి ఆలోచించండి.

సమస్య: ఈడ నోటరీ చేయించి పంపిన కాగితం కువైట్‌లో తీసుకోలేదు

నోటరీ దగ్గరే ఆపేసినారు కాబట్టి. మన నోటరీ సంతకం బయటి దేశానికి తెలియదు, దాని మీద రాష్ట్ర ప్రభుత్వ అధికారి, తర్వాత కేంద్ర విదేశాంగ శాఖ అటెస్టేషన్, ఆ తర్వాత కువైట్ ఎంబసీ, ఈ వరుసలోనే పోవాల. అమెరికాకైతే విదేశాంగ శాఖ అపోస్టిల్‌తో (ఒప్పందంలో ఉండే దేశాలన్నీ ఒప్పుకునే ధ్రువీకరణ) సరిపోతుంది, ఇండియాకు 2005 నుంచే ఆ ఒప్పందం అమల్లో ఉంది. పెళ్ళి సర్టిఫికెట్, పుట్టిన సర్టిఫికెట్ అయితే జిరాక్సు మీద నోటరీ వేయించి పంపడం కాదు, ఒరిజినలే ఈ వరుసలో పోవాల, భద్రంగా ఉంటుందని దాన్ని లామినేషన్ చేయించింటే సీలుకు, స్టిక్కరుకు చోటుండదు, మున్సిపల్ ఆఫీసులోనో మీసేవలోనో ఇంకొక కాపీ తీసుకొని అది పంపించండి.